మంచినీళ్ళ దోమ

పోర్ట్ సుడాన్‌లో వానలు చలికాలంలో పడతాయి. ఎర్రసముద్రం మీంచి మబ్బులు వచ్చి, ఒకటి రెండు రోజులు కురిసి, కొండల వైపు వెళ్ళిపోతాయి. ఆ నీళ్ళ కోసం మా సందులో ప్రతి ఇంట్లోనూ పీపాలూ బానలూ నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. మిగతా ఏడాదంతా గాడిదబండి మీద వచ్చే నీళ్ళే దిక్కు. బండి ఒక్కోసారి రాదు. అందుకే మావాళ్ళకు నీళ్ళు పారబోయడమంటే రొట్టెను నేలపాలు చేసినంత పాపం.

మా పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. నాన్న ఓడరేవులో తాపీపని చేసే రోజుల్లో కట్టాడు. నడుము లోతు, మంచమంత వెడల్పు, పైన చెక్కమూత. ఎండకు ఆ మూత పలకలు వంకరపోయి వేళ్ళు దూరేంత సందులు పడ్డాయి. నాన్న పోయాక అమ్మ ఆ తొట్టిని పెద్దకొడుకును చూసుకున్నట్టు చూసుకునేది. బండి రాని రోజున సందులోని ఆడవాళ్ళు మా తలుపే తట్టేవారు. అమ్మ పేరు సిత్తనా. తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని, ఎవరికి ఎంత కావాలో అడక్కుండానే తన చేత్తో ముంచి పోసేది. వాళ్ళ దీవెనలు వింటున్నప్పుడు అమ్మ ముఖంలో కనిపించే వెలుగు నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఏడాది వానలు ఎక్కువ కురిశాయి. మబ్బులు విడిచిన కొన్నాళ్ళకు సందులో జ్వరాలు మొదలయ్యాయి. ఒళ్ళు కాలిపోవడం, కళ్ళ వెనక నొప్పి, కీళ్ళు విరిచి కట్టినట్టు ఉండడం. ముందు చివరింట్లో, తర్వాత మా ఎదురింట్లో.

మా పక్కింట్లో అద్రోబ్ మామయ్య ఒంటరిగా ఉండేవాడు. అమ్మకు పెదనాన్న కొడుకు. ఒకప్పుడు ఒంటెల మందలు తోలినవాడు. పొద్దున్నే కర్ర టకటకలాడించుకుంటూ మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ గింజలు వేయించి, అల్లం దంచి, జబనా అనే మట్టికూజాలో కాఫీ కాచేది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ తాగేవారు.

"ఈ జ్వరం ఉప్పుమళ్ళ దగ్గర్నుంచి వస్తోంది. ఆ కంపుగాలికి ఒంటెలే మంచం పడతాయి, మనుషులెంత," అన్నాడు మామయ్య ఆ రోజు.

"నీ ఒంటెలు గాలికి పడలేదు అన్నా. నీ మాటలు వినలేక పడుంటాయి," అంది అమ్మ.

మా వదిన బతూల్ నవ్వుతూ నడుం పట్టుకుంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. తల్లి లేని పిల్ల కాబట్టి తొలికాన్పు మా ఇంట్లోనే. మా అన్నయ్య ఓనూర్ రేవులో మూటలు మోస్తాడు. నేను కుట్టుమిషన్ మీద బడిపిల్లల బట్టలు కుట్టేదాన్ని. మా ఇంట్లో ఉండేది మేం నలుగురమే.

సరిగ్గా ఆ కాఫీ దగ్గరికే రావియా వచ్చింది. ఆరోగ్యశాఖలో దోమల విభాగం మనిషి, కసాలా ఊరిది. భుజాన సంచి, ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో పొడుగు కాడ ఉన్న తెల్లగరిటె.

"నీళ్ళు చూడొచ్చా అమ్మా?"

"తాగడానికా?"

"కాదండీ, చూడ్డానికే."

"నీళ్ళల్లో చూడ్డానికేముంటుంది తల్లీ," అంటూనే అమ్మ లేచి మూత జరిపింది. రావియా టార్చి వేసి, గరిటెను నీళ్ళ అంచున వాల్చి తీసింది. తెల్లటి గరిటెలో వెంట్రుక ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ, కదపగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి.

"ఓస్, ఇవా. ఇవెప్పుడూ ఉండేవే. గుడ్డతో వడగట్టుకుంటే సరి. మా అమ్మా అలాగే తాగింది."

"ఇవి దోమపిల్లలమ్మా."

"దోమలు మురికిగుంటల్లో పుడతాయి. నా తొట్టిలో మురికెక్కడిది?"

"ఆ దోమలు వేరు. ఇది మంచినీళ్ళ దోమ. మురికి దీనికి అక్కర్లేదు. మీరు తాగే నీళ్ళే కావాలి. పగటిపూట కుడుతుంది. ఇప్పుడొస్తున్న డెంగీ జ్వరాన్ని మోసేది ఇదే. తొట్టి ఖాళీ చేసి, గోడలు గట్టిగా తోమి, మూత మార్చాలి."

అమ్మ ముఖం గట్టిపడింది. "రోడ్డు తెగి బండి రాక వారమైంది. ఇది ఖాళీ చేస్తే సందంతా నాలుక ఎండబెట్టుకుని కూర్చోవాలి. నా నీళ్ళకి రోగం అంటగట్టడానికి వచ్చావా? ఇంకో ఇల్లు చూసుకో పో."

రావియా ఏదో చెప్పబోయి, బతూల్ పొట్ట వైపు చూసి ఆగిపోయింది. "దోమతెర ఉంటే కట్టుకో చెల్లీ, పగలు పడుకున్నా సరే," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. మా గుమ్మంలోంచి ఒక మనిషి కాఫీ తాగకుండా వెళ్ళడం నేను చూడడం అదే మొదలు.

ఆ వారంలోనే మామయ్య కర్ర చప్పుడు వినిపించని పొద్దు ఒకటి వచ్చింది. అమ్మ, నేను వెళ్ళి చూస్తే తాళ్ళమంచం మీద ముడుచుకుని పడున్నాడు.

"నా ఎముకలు ఒక్కోటీ పేరుపెట్టి పిలుస్తున్నాయి సిత్తనా. తోకర్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే వచ్చింది. అప్పుడు లేచాను కదా, ఇప్పుడూ లేస్తాలే."

అమ్మ పగలంతా ఆయన దగ్గరే ఉండేది. తడిగుడ్డలు వేసేది. ఈగలు తోలేది. దోమలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి వాటిని పట్టించుకునేది కాదు. నాలుగైదు రోజులకు జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. మామయ్య లేచి కూర్చుని అసీదా కావాలన్నాడు. అమ్మ సంబరంగా జొన్నపిండి కలిపి ముద్ద కాచింది. సందులో అందరికీ చెప్పి రమ్మని నన్ను పంపింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. చిగుళ్ళ వెంట రక్తం. చేతులు సముద్రపు రాళ్ళలా చల్లగా ఉన్నాయి. ఓనూర్ బండి మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. "జ్వరం దిగినప్పుడే ఈ జబ్బుతో భయం. పైగా రెండోసారి వచ్చినట్టుంది. మొదటిసారిది ఒక రకం, ఇప్పుడిది ఇంకో రకం. రెండోది చాలామందిని గట్టిగా పట్టుకుంటుంది," అందట నర్సు. మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు, ముఖం మీద గుడ్డ కప్పి.

సంతాపానికి సందంతా మా పెరట్లోనే కూర్చుంది. వచ్చేవాళ్ళకు నీళ్ళు పెట్టడానికి మా బాన చాలక, మామయ్య ఇంట్లోంచి ఆయన పాత మట్టిబాన తెచ్చాను. వేసవి నుంచి ఎండలో బోర్లా పడున్న బాన. బీటలు లేవు. లోపల పొడిగా, తడితే ఖంగుమనేంత ఎండిపోయి ఉంది. నేను చెంబుతో నీళ్ళు పోయబోతుంటే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. రావియా. పరామర్శకు వచ్చిందట. ఆ రోజు సంచి లేదు, టార్చి లేదు.

"ఆగు చెల్లీ. లోపల ఆ గీత చూడు."

బాన లోపల, ఒకప్పుడు నీళ్ళు నిలిచిన ఎత్తులో, కాటుక పొడి రాలినట్టు నల్లటి చారిక ఉంది.

ఆడవాళ్ళ మధ్యలోంచి అమ్మ ఇటే చూస్తోంది. రావియాను మళ్ళీ వెళ్ళగొడుతుందేమో అనుకున్నాను. అమ్మ మాత్రం చాప మీద చోటు చూపించింది. "కూర్చో. ఆ రోజు నా ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్ళావు. ముందు తాగు. తర్వాత ఆ బానలో ఏముందో నాకు చూపించు."

రావియా ఆ నల్లటి చారికను చాకుతో మెల్లగా గీకి, మట్టిపొడితో సహా గాజుగ్లాసులో వేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసింది. గ్లాసును అమ్మ ముందు ఎండలో పెట్టింది. బతూల్ కాఫీ వంచింది. మొదటి కప్పు అయింది. గ్లాసులో అడుగున మట్టి తప్ప ఏమీ లేదు. రెండో కప్పు అయింది. అమ్మ కళ్ళు గ్లాసు మీంచి తీయలేదు. మూడోది నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

అడుగున ఉన్న ఒక నలుసు కదిలింది.

ముందు నా కంటి భ్రమ అనుకున్నాను. తర్వాత ఇంకొకటి. దారపు పోగు కన్నా సన్నగా, చూపు ఆననంత చిన్నగా, తెల్లగా ఏదో మెలిక తిరిగి పైకి లేచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే గ్లాసు నిండా ప్రాణం. వేసవంతా నిప్పులాంటి ఎండలో, చుక్క తడి లేకుండా, చచ్చిన మట్టిలో పడున్న నలుసులు గ్లాసెడు నీళ్ళకు లేచి ఈదుతున్నాయి. పెరట్లో ఏడుపులు ఆగిపోయాయి. ముసలివాళ్ళు కూడా వంగి చూశారు.

"సుబ్హానల్లా," అంది అమ్మ మెల్లగా. "వానాకాలం దాకా ఎవరు ఆగమన్నారు వీటిని?"

"అవే ఆగుతాయమ్మా, నెలల తరబడి. తల్లిదోమ నీళ్ళలో పెట్టదు గుడ్లు. నీళ్ళకు కాస్త పైన, గోడకు అంటిస్తుంది. నీళ్ళు పెరిగి తగలగానే పగులుతాయి. అందుకే తొట్టి ఖాళీ చేస్తే చాలదు, గోడ తోమాలి అన్నాను."

"మరి జ్వరం? ఇవి పుట్టుకతోనే తెస్తాయా?"

"ఎక్కడో అరుదుగా తప్ప, లేదు. దాన్ని మనమే ఇస్తాం." ఆ మాటకు అందరం ఆమె వైపు చూశాం. "జ్వరంతో పడుకున్న మనిషిని దోమ కుడితే, ఆ రక్తంతో పాటు వైరస్ దాని కడుపులోకి పోతుంది. అక్కడ పెరిగి, ఒళ్ళంతా పాకి, నోట్లోకి చేరడానికి వారం పది రోజులు పడుతుంది. అందాకా అది కుట్టినా మనకేం కాదు. ఆ తర్వాత అది బతికున్నన్నాళ్ళూ ఎవర్ని కుడితే వాళ్ళకి అంటించగలదు."

"దానికి మాత్రం జ్వరం రాదా?" అని అడిగింది బతూల్.

"రాదు. హాయిగా ఎగురుతుంది."

ఓనూర్ గోడకు ఆనుకుని వింటున్నాడు. "ఆ వైరస్ ఎంతుంటుంది అక్కా?"

"నువ్వు రేవులో ఓడలు చూస్తావుగా. దోమ ఆ ఓడంత అనుకో. వైరస్ అందులో ఒక జొన్నగింజ."

రోజూ ఓడల కడుపుల్లోంచి జొన్నబస్తాలు మోసేవాడికి ఆ లెక్క మా అందరికన్నా బాగా అర్థమైంది. "ఒక్క గింజ మామయ్యలాంటి మనిషిని పడేస్తుందా?"

"ఒకటే ఉండిపోదుగా. లోపలికెళ్ళి మొలుస్తుంది."

అమ్మ గ్లాసును పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. "ఈ దోమ ఎంత దూరం పోతుంది?"

"ఎక్కువ పోదమ్మా. పుట్టినచోటే తిరుగుతుంది. ఒక ఇల్లు, పక్కిల్లు, ఆ పక్కిల్లు. ఈ సందు దాటడం కూడా కష్టమే దానికి."

రావియా ఆ మాట మామూలుగానే అంది. ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. అమ్మ గ్లాసును చాప మీద పెట్టింది. లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, మూత పూర్తిగా తీసి గోడకు ఆనించి, రెండు చేతులూ అంచు మీద పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఆ నీళ్ళు తాగినవాళ్ళే. కాసేపటికి అమ్మ ఇటు తిరిగింది.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు," అంది రావియాతో. గొంతు మామూలుగానే ఉంది.

నీళ్ళు పారబోయలేం. బండి ఎప్పుడొస్తుందో తెలియదు. నీళ్ళలో కలిపే మందు అయిపోయిందనీ, ఖార్టూమ్ నుంచి రావాలనీ రావియా చెప్పింది. దోమలమందు పొగ కొట్టే బండి సాయంత్రాలు తిరుగుతోంది కానీ, ఆ పొగ ఎగిరేవాటిని చంపుతుంది తప్ప రేపు పుట్టేవాటిని ఏమీ చేయలేదంది. "ఒక్క దారుంది. ఈ పురుగుల్ని తినే చేపల్ని వదలడం. మా కసాలాలో వాగు చేపలు వేసేవాళ్ళం. ఇక్కడ అలాంటివి ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటున్నాను."

"గోరంత ఉంటాయా? పక్కల మీద చారలుంటాయా?" అని అడిగింది అమ్మ.

"అలాంటివే కావచ్చు. ఎందుకమ్మా?"

"అర్బాత్ వాగు మడుగుల్లో ఉంటాయి. మా నాన్న కొత్త బావి తవ్వినప్పుడల్లా అందులో వేసేవాడు. ఎందుకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

రెండు రోజుల తర్వాత ఆరోగ్యశాఖ పికప్పులో అమ్మ, నేను, రావియా అర్బాత్ వైపు వెళ్ళాం. వెనక పీపాలు దొర్లుతూ ఒకటే మోత. అమ్మ పుట్టింది ఆ కొండల్లోనే. పెళ్ళయి ఊరికి వచ్చాక మళ్ళీ అటు వెళ్ళలేదు. దారంతా నల్లటి కొండలు, చెట్టూ చేమా లేని రాళ్ళు. ఈ ఎండుకొండల్లో చేపలేమిటి, చిన్నప్పటి సంగతి కదా, అమ్మ పొరపడుతోందేమో అని నాకు లోపల అనుమానం.

వాగు పొంగి తగ్గిపోయింది. ఇసుక మీద నడిచి, రెండు బండల మధ్య మలుపు తిరిగాం. అక్కడ మడుగు ఉంది. అడుగున గులకరాళ్ళు ఒక్కోటీ కనిపించేంత తేటగా, పైన ఆకాశం కదలకుండా పడుకున్నంత నిశ్చలంగా ఉంది. అమ్మ చెప్పులు వదిలి అంచున కూర్చుని నీళ్ళలో వేలు పెట్టింది. ఆ వేలి చుట్టూ వెండి మెరుపులు గుమిగూడాయి.

వరద వచ్చినప్పుడు బండల్ని దొర్లించుకుపోయే వాగు అది. వరద లేనప్పుడు నెలల తరబడి నిప్పులగుండం. ఈ రెండింటి మధ్యా, మనిషి మంచమంత మడుగులో, ఈ చిన్న ప్రాణాలు మా తాతల కాలం నుంచీ అలా ఉండిపోయాయి.

"తింటాయో లేదో ముందు చూద్దాం," అంది రావియా. మా తొట్టిలోని పురుగుల్ని సీసాలో తెచ్చింది. బకెట్లో మడుగు నీళ్ళు పోసి, ఒక చేపను వదిలి, సీసాలోంచి కొన్ని పురుగుల్ని వంచింది. చేప ఒక మూలకు పోయి బెదురుగా నిలబడింది. మేం ముగ్గురం బకెట్ చుట్టూ కూర్చున్నాం. ఒక పురుగు మెలిక తిరిగింది. చేప అలా కదిలినట్టే కనిపించలేదు, పురుగు మాత్రం లేదు. ఇంకోటి. ఇంకోటి. కాసేపటికి బకెట్లో చేప ఒక్కటే మిగిలింది, ఇంకా ఉన్నాయా అన్నట్టు పైకి చూస్తూ.

మామయ్య పోయాక అమ్మ మొదటిసారి నవ్వింది. "చూశావా, కంచం నాకినట్టు నాకింది."

పైన కప్పుకున్న తోబ్ తీసి నాకొక కొస ఇచ్చింది. ఇద్దరం మోకాళ్ళ లోతులో నిలబడి ఆ పొడుగాటి బట్టను వలలా పట్టుకున్నాం. రావియా అటునుంచి నీళ్ళు చరుస్తుంటే చేపలు మా వైపు పరిగెత్తాయి. అమ్మ తడిసిన జుట్టుతో, ఇంతవరకూ నేనెప్పుడూ వినని ముద్దుపేర్లతో వాటిని పిలుస్తూ పట్టింది. అన్నింటినీ పట్టనివ్వలేదు. "ఇంటివాళ్ళు కొందరు ఇంట్లో ఉండాలి," అని మిగతావాటిని వదిలేయించింది.

చేపల్ని తొట్టిలో వదిలిన రోజు సందంతా చూడ్డానికి వచ్చింది.

"ఏంటి సిత్తనా, రేపట్నుంచి మాకు పోసేది నీళ్ళా, చేపలపులుసా?" అని ఎవరో వెటకారమాడారు.

"చేప మునిగిన నీళ్ళు ఎలా తాగుతాం?" అంది ఇంకో ఆవిడ.

అమ్మ మారుమాట్లాడకుండా తొట్టిలో చెంబు ముంచి, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "పురుగు మునిగినవి ఇన్నేళ్ళూ తాగారుగా. అప్పుడు అడగలేదేం?" అంది.

ఆ శుక్రవారం సందులో నఫీర్ పెట్టారు. ఇంటికొకరు చొప్పున అందరూ ఒక్క పనికి దిగడం మా దగ్గర ఉన్నదే. పెళ్ళికి, ఇల్లు కట్టడానికి చేస్తారు. దోమ కోసం చేయడం అదే మొదలు. పీపాల అంచులు ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి తోమారు. పాత టైర్లలో, పగిలిన గిన్నెల్లో నిలిచిన వాననీళ్ళు ఒంపేశారు. బానలకు నేను గుడ్డమూతలు కుట్టాను, అంచున నాడా పెట్టి. ఓనూర్ రేవు నుంచి పలకలు తెచ్చి మా తొట్టికి కొత్త మూత కొట్టాడు. అమ్మ ఇల్లిల్లూ తిరిగి, లోపల చేయిపెట్టి గోడ తడిమి చూసింది. గరుకు తగిలితే మళ్ళీ తోమించింది. మొదట విసుక్కున్నవాళ్ళే తర్వాత ఆమెను పిలిచి చూపించుకున్నారు.

నీళ్ళలో పుట్టేవి ఆగాయి. కానీ అప్పటికే రెక్కలొచ్చినవి గాల్లో ఉన్నాయి కదా. వాటిలో ఏదో ఒకటి అమ్మను కుట్టింది.

ముందే చెబుతున్నాను, అమ్మ బతికింది. కానీ ఆ వారం మాకు ఆ సంగతి తెలియదు. ఒకరోజు పొద్దున్నే కాఫీ గింజలు వేయిస్తూ అమ్మ పెనం దించేసి, కళ్ళ మీద అరచేతులు ఒత్తుకుంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది. బతూల్ పక్కకు రాబోతే చెయ్యి చాపి ఆపింది.

"నువ్వు దగ్గరికి రాకు. ఇహ్సాన్, ఆ దోమతెర నా మంచానికి కట్టు."

"తెర వదినకి కట్టమన్నారు కదమ్మా, రావియా అక్క," అన్నాను నేను.

"దానికీ ఒకటి కట్టు. నాకూ కట్టు. ఇప్పుడు విషం నా ఒంట్లో ఉంది. ఏ దోమా నా దగ్గర్నుంచి పట్టుకుపోయి ఆ పిల్లకి ఇవ్వకూడదు."

ఓనూర్ తెర తాళ్ళు మేకులకు బిగిస్తూ, ఏడుపు ఆపుకోవడానికేమో, "పట్టపగలు పెళ్ళికూతురిలా తెరలో కూర్చుంటావా అమ్మా," అన్నాడు.

"అవున్రా. పెళ్ళికొడుకు రాకుండా చూసే పూచీ నీది," అంది అమ్మ లోపల్నుంచి.

రావియా రోజూ వచ్చింది. నొప్పికి ఇష్టమొచ్చిన మాత్రలు వేయొద్దని, కొన్ని రక్తాన్ని పల్చన చేస్తాయని చెప్పింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు నేను తెర కిందనుంచి అందించేదాన్ని. అమ్మ పళ్ళు పటపటా కొట్టుకుంటూ తాగేది. కాళ్ళు పట్టమనేది కాదు, తెర ఎత్తమనేది కాదు. లోపలి ఉక్కకు చెమట కారుతున్నా, గాలి కోసం అంచు కూడా తీయనిచ్చేది కాదు.

మూడో రోజు పొద్దున బతూల్‌కు నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చి పక్కగదిలోకి వెళ్ళింది. రెండు గదుల మధ్య పలకల గోడే అడ్డం. బతూల్ మూలుగు ప్రతి ఒక్కటీ అమ్మకు వినపడుతోంది. లేచి కూర్చునేది, మళ్ళీ వాలిపోయేది. "నడుం కింద దిండు పెట్టారా?" "వేడినీళ్ళున్నాయా?" అని గోడ ఇవతలి నుంచే అడిగేది. మధ్యాహ్నం దాటుతుండగా పసిదాని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

నేను బట్టలో చుట్టి గుమ్మం దాకా తీసుకొచ్చాను. అమ్మ మోకాళ్ళ మీద లేచి, తెరకు ముఖం ఆనించి చూసింది. జ్వరానికి ఎర్రబడ్డ కళ్ళు ఆ సన్నటి గళ్ళ వెనక మెరుస్తున్నాయి. మా ఇంట్లో పుట్టిన మొదటి మనవరాలు. ఎత్తుకోవడానికి చేతులు వాటంతటవే ముందుకొచ్చి, తెరకు తగిలి, ఆగిపోయాయి.

"ముక్కు వాళ్ళ నాన్నదే," అంది. తర్వాత, "చాలు, తీసుకెళ్ళు. తెర కింద పడుకోబెట్టు. తల్లినీ, పిల్లనీ."

పడుకోబెట్టి తిరిగి వచ్చేసరికి సాయంత్రపు ఎండ కిటికీలోంచి అమ్మ మంచం మీద పడుతోంది.

"ఇహ్సాన్," అని పిలిచింది గొంతు తగ్గించి. "నెమ్మదిగా రా. కదపకుండా చూడు."

తెర మీద, బయటివైపు, అమ్మ ముఖానికి జానెడు దూరంలో ఒక దోమ వాలి ఉంది. ఇన్నాళ్ళ నుంచీ దాని గురించే మాట్లాడుతున్నాం కానీ అంత దగ్గరగా, అంత వెలుగులో నేనెప్పుడూ చూడలేదు. నల్లటి ఒళ్ళు. వీపు మీద తెల్లటి గీతలు, ఎవరో సన్నటి కుంచెతో దిద్దినట్టు. కాళ్ళకు వరసగా తెల్లటి పట్టీలు. వెనక కాళ్ళు పైకెత్తి మెల్లగా ఊపుతూ, గళ్ళలోంచి ఎక్కడైనా దారి దొరుకుతుందా అని తొండాన్ని అటూ ఇటూ తాకిస్తోంది.

"కుట్టేది ఆడదే అంది రావియా. గుడ్లు పెట్టడానికి రక్తం కావాలట," అంది అమ్మ. "కాళ్ళు చూడు. వెండి కడియాలు వేసి పంపాడు దేవుడు. ఇంత అందంగా ఎందుకు చేశాడో."

ఇద్దరం ఊపిరి కూడా గట్టిగా తీయకుండా చూశాం. తెరకు అటుపక్క అది, ఇటుపక్క మా అమ్మ. మధ్యన నూలుపోగులు.

"నా దగ్గర్నుంచి ఏం తీసుకెళ్ళబోతుందో దానికి తెలియదు. నాకు తెలుసు," అంది అమ్మ. మళ్ళీ కాసేపు చూసి, "ఇక కొట్టు," అంది.

రెండు చేతులూ చాచి, తెర కదలకుండా, అది ఎగిరీ ఎగరకముందే చప్పున మూశాను. తెరిచి వెలుగులో పెట్టి చూపించాను. అరచేతిలో బూడిద లాంటి నల్లటి మరక, కాస్త వెండిపొడి. అంతే.

"రక్తం ఉందా?"

"లేదమ్మా."

"అయితే ఇవాళ ఇంకా ఎవర్నీ కుట్టలేదు," అని అమ్మ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. గోడకు అటుపక్క పసిది ఆకలికి ఏడుపు మొదలుపెట్టింది.